శివమ్మ నుదుటి రూపాయి

ఆ మధ్యాహ్నం శంకరయ్య ఇంటి అరుగు మీద కూర్చునేసరికి జాహిద్ దగ్గరున్న పెట్టుబడి మొత్తం ఇంతే: జేబులో ఒక భూతద్దం, సంచిలో అరచేతంత కాటా, పొద్దుగూకేదాకా గడువు. ఎదురుగా పాత తువ్వాల మీద నిజాం కాలపు చార్మినార్ రూపాయి ఒకటి ఉంది. అది అతనిది కాదు. ఎవరిదో తేలిస్తే గండయ్య అనే మనిషి ఊళ్లో ఉంటాడు. తేల్చలేకపోతే వలలు చుట్టుకుని, పెళ్లాన్నీ బిడ్డనూ వెంటేసుకుని పోతాడు.

బేరానికి దిగే ముందు ఏం పోతుందో చూసుకోవడం జాహిద్‌కు తండ్రి నేర్పిన మొదటి పాఠం. మేడ్చల్‌లో వెండి, పాత నాణేల దుకాణం వాళ్లది. దొంగసొత్తు గుర్తుపట్టాలంటే పోలీసులు అతన్నే పిలిచేవాళ్లు. పిలవగా పిలవగా, సొత్తు వెనకే దొంగ దాకా పోవడం అతనికి రెండో వ్యాపారమైంది. గొలుసులు తెంపినవాళ్లను చూశాడు, గుడి హుండీలు పగలగొట్టినవాళ్లను చూశాడు. పీనుగ నుదుటి మీది రూపాయి ఎత్తుకుపోయినవాణ్ణి వెతకడం మాత్రం ఇదే మొదలు.

"ముట్టుకో సేటూ," అన్నాడు శంకరయ్య. శామీర్‌పేట చెరువు చేపల సొసైటీకి అతనే పెద్ద. "మేమైతే ముట్టం. పీనుగ మీది పైస."

జరిగింది ఊరంతా ఎరిగిందే. చేపలమ్ముకునే శివమ్మ పోయిన మంగళవారం తట్ట ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఆమెకున్నదల్లా అత్తగారిచ్చిన ఒక చార్మినార్ రూపాయి, రోడ్డు దిక్కు కొంత భూమి. తను పోతే ఆ రూపాయే నుదుట పెట్టి పంపాలని నలుగురికీ చెప్పుకునేది. అట్లాగే పెట్టి, ఆ సాయంత్రమే బొందపెట్టారు. మూడో దినం పిట్టకు కూడు పెట్టడానికి పోతే బొంద తవ్వి ఉంది. మొహం మీది బట్ట పక్కకు జరిగి ఉంది. రూపాయి లేదు. ఇల్లిల్లూ వెతికితే గండయ్య వలల పెట్టెలో దొరికింది. గండయ్య శివమ్మ మరిది కొడుకు. బొందలో తల దిక్కు దిగి పీనుగను పడుకోబెట్టింది అతనే.

"పొద్దుగూకంగ సొసైటీ షెడ్డుల కూసుంటం," అన్నాడు శంకరయ్య. "చెరువుల వల వెయ్యద్దు, ఊళ్లె నిప్పు, నీళ్లు ఇయ్యద్దు అని చెప్పేస్తం. గింత నీచపు పని చేసినోణ్ణి నడుమ పెట్టుకుంటమా?"

గండయ్య మెట్ల కింద ఎండలో గొంతుక్కూర్చున్నాడు. పైకి రమ్మని ఎవరూ అనలేదు. అతని వెనక కూతురు లత. కాలేజీ బస్సు మధ్యలో దిగిపోయి జాహిద్ దుకాణం వెతుక్కుంటూ వచ్చింది ఈ పిల్లే.

అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు దేవేందర్. శివమ్మ తమ్ముడి కొడుకు, మేడ్చల్‌లో ప్లాట్ల బ్రోకరు. ఇల్లిల్లూ వెతకాలని పట్టుబట్టింది అతనే. కారు తాళాల గుత్తి వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు.

"చూడనీకి ఏమున్నది?" అన్నాడు. "బీపీ గోలీలు నెలనెలా తెచ్చి నా చేతులతోని ఇచ్చిన మా అత్తకు. గీయన పక్కింట్లనే ఉండి ఏం జేసిండు? సచ్చినంక నుదురు మీదికెల్లి రూపాయి తీసిండు."

జాహిద్ భూతద్దం బయటికి తీశాడు. రూపాయిని అంచులతో పట్టుకుని ఎండకు ఏటవాలుగా వంచాడు. నాణెం చూడటానికి ఒక వరుస ఉంది. ముందు ఎత్తుగా ఉన్న చోట్లు చూడాలి, చేతులు మారిన రూపాయికి మొదట అరిగేవి అవే. దీని మినార్ల కొనలు కాస్త మొద్దుబారాయి గాని నాలుగూ నిలబడే ఉన్నాయి. వెనకవైపు అక్షరాలు చదివేట్టే ఉన్నాయి. రెండు వైపులా అరుగుదల ఒక్క తీరే. జేబులు, గల్లాలు తిరిగి తిరిగి, ఆపైన ఎక్కడో కుదురుకున్న రూపాయి. ఎక్కడ కుదురుకుందో పల్లపు చోట్లు చెబుతాయి. భూతద్దం పెట్టాడు. కమాను లోపల, అక్షరాల సందుల్లో ఎర్రటి గడ్డ. దాని కింద పసుపు. దాని కింద మళ్లీ ఎరుపు, ఈసారి నల్లబారింది.

"శంకరయ్యన్నా, శివమ్మ మొగుడు పోయి ఎన్నేండ్లయితాంది?"

"మస్తేండ్లు. ఈ లత పుట్టకముందే."

"మరి రూపాయి నుదుటికి అంటనీకి ఏం పెట్టిన్రు?"

"ఈబూది తడిపి పెట్టిన్రు. మొగుడు లేనామెకు కుంకుమ ఎట్ల పెడ్తరు సేటూ? నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. ఈ రూపాయికే తెల్వదు."

శంకరయ్య ముందుకు వంగాడు. ముట్టనన్నవాడే భూతద్దం అందుకున్నాడు.

"లచ్చిమి పూజల పెట్టిన రూపాయి ఇది," అన్నాడు జాహిద్. "ఏటేటా పసుపు, కుంకుమ పూసి, పైపైన కడిగి, మళ్ల ఏడాది మళ్ల పూసిన్రు. సున్నమేసిన గోడ లెక్క పొర మీద పొర. ఎవరో ముత్తైదువ చేతుల బతికిన రూపాయి."

"పెట్టెల కుంకుమ పడ్డదేమో," అన్నాడు దేవేందర్.

"పడ్డ కుంకుమ మీద ఉంటది దేవేందర్. పొరల నడుమ దూరదు."

"శివమ్మవ్వ రూపాయికి మినార్లే లేవు చిచ్చా," అంది లత. ఆ మాట అనడానికి అప్పటిదాకా ఎవరూ ఆమెకు సందివ్వలేదు. "నడుము సంచిల వక్కలు, సున్నం డబ్బితోని ఉండేది. కూసున్నప్పుడల్లా బొటనేలుతోని రుద్దుకుంట ముచ్చట్లు చెప్పేది. చార్మినార్ దిక్కు మొత్తం సాపయిపోయింది, రేకు లెక్క. వెనక దిక్కు మాత్రం అక్షరాలున్నయి."

"దొంగ బిడ్డ సాక్ష్యం," అని నవ్వాడు దేవేందర్.

"సరే, నువ్వు చెప్పు. మీ అత్త రూపాయి నువ్వెప్పుడన్న చూసినవా?"

"నాకెందుకు చూపిస్తది? సంచి నుంచి తీసేదే కాదు."

"చూడని రూపాయిని ఇదేనని ఎట్ల గుర్తువట్టినవ్?"

తాళాల గుత్తి తిరగడం ఆగింది. "చార్మినార్ రూపాయి పోయింది, చార్మినార్ రూపాయి దొరికింది. ఇంకేం గుర్తు గావాలె? అయినా సేటూ, తులం వెండి కాడ నీకేం లాభం?"

"లాభం లేకుంటే నేను ఇంకొకరి అరుగు ఎక్కను. ఎంతనేది ఇంకా తేలలె."

శంకరయ్య భూతద్దం తిరిగిచ్చాడు. "నీ మాట ఇన్న. గాని ఇది కాదంటే సరిపోదు. అసలుది తెచ్చి నా ముందల పెట్టు. తేకపోతే షెడ్డుల నా నోటి మాట వాని మీదనే పడ్తది. నాకు ఇంకో తొవ్వ లేదు."

*

బొందలగడ్డ చెరువు వెనక ఉంది. గండయ్య ముందు నడిచాడు, లత తండ్రి పక్కనే. దారిలో ఇద్దరాడవాళ్లు ఎదురై, గండయ్యను చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. లత తల వంచుకుంది.

"అమ్మ లేస్తనే లేదు చిచ్చా," అంది. "బావి కాడ ఎవరో ఉమ్మిన్రట. అప్పటికెల్లి తల తిరుగుతాందని పండుకున్నది. పొద్దున గోడ పట్టుకుని నడిచింది."

"సిగ్గుతోని పండుకుంది," అన్నాడు గండయ్య.

మళ్లీ పూడ్చిన మట్టి ఇంకా మెత్తగానే ఉంది. దగ్గరికి పోతుంటేనే గాలి బరువెక్కింది. జాహిద్ చేతిరుమాలు ముక్కుకు కట్టుకున్నాడు. వ్యాపారంలో ఎన్నో మురికి చేతులు కలిపాడు గాని, ఆ మట్టి చెప్పులకు అంటుతుంటే ఒళ్లంతా గొంగళిపురుగు పాకినట్టుంది.

"గండయ్యా, తల దిక్కు దిగింది నువ్వే. రూపాయి తీసినవా?"

"తీయలె."

"తీయాలనిపించిందా?"

గండయ్య కోపం తెచ్చుకోలేదు. "లేదు భాయ్. పెద్దమ్మ మస్తుసార్లు చెప్పింది. 'అరే గండా, నా రూపాయి నాతోనే తోలు, మా దేవేందర్‌గాని చేతుల పడనియ్యకు, వాడు నా భూమి మీద, నా మీద, నా వక్కల సంచి మీద గూడ కన్నేసిండు' అనేది. నవ్వుకుంట చెప్పేది."

"మూడో దినం వచ్చినప్పుడు గుంత ఎట్లుండె? ఎక్కడ లోతు?"

గండయ్య కట్టెపుల్లతో గీసి చూపాడు. తల దిక్కు మట్టి మొహం కనిపించేంత వరకే జరిగి ఉంది. అసలు గుంత ఛాతీ దగ్గర, వెడల్పుగా, మనిషి మోకాళ్ల మీద కూర్చునేంత.

"రూపాయి నుదుట ఉంటే, ఛాతి దిక్కు ఎందుకు తవ్విన్రు?"

"నాకేమెర్క. కుక్కలనుకున్న. కట్టు గూడ తెగి ఉండె."

"ఏం కట్టు?"

"చేతులు ఛాతి మీద పెట్టి, రెండు బొటనేళ్లు కలిపి తెల్లబట్టతోని కడ్తం గద. అది తెగి ఉండె. ఎడమ చెయ్యి పక్కకు పడి ఉండె. భయమైంది. చూడకుంటనే మట్టి కప్పినం."

"కుక్క కొరికితే బట్ట పీలికలైతది."

"పీలికలు లేవు. సాఫ్‌గ తెగి ఉండె. కత్తెర పెట్టినట్టు."

రూపాయి కోసం వచ్చినవాడికి బొటనవేళ్ల కట్టుతో పనేంటి? బేరంలో లెక్కకు రాని వస్తువు ఒకటి ఎదురైతే దాన్ని పారేయకూడదు, విడిగా పక్కన పెట్టుకోవాలి. జాహిద్ దాన్ని పక్కన పెట్టుకుని, చెప్పులు గడ్డికి మళ్లీ మళ్లీ రాసి, బండెక్కాడు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల పాత రూపాయలు అమ్మేవాళ్లు ఇద్దరే. ఆ పూజ రూపాయి తను అమ్మలేదు. రెండోవాడు ఆకాశ్, కండ్లకోయలో ఉన్నాడు.

*

ఆకాశ్ దుకాణంలో ఏసీ చల్లగా ఉంది. బల్ల మీద గుండ్రటి లైటు, దాని నడుమ ఫోను. 'మీ ఇంట్లో ఈ నాణెం ఉంటే మీరే లక్షాధికారి' అని వీడియోలు తీసేది ఈ బల్ల మీదే. అవి చూసి ఎంతమంది ముసలివాళ్లు చిల్లర మూటకట్టుకుని జాహిద్ దుకాణానికొచ్చి, కాదంటే అతన్నే దొంగ అని తిట్టి పోయారో లెక్కలేదు.

"జాహిద్ అంకుల్! మీరు నా దుకాణానికా? ఇయ్యాల వాన పడ్తది."

"పడనీ. ఒక గిరాకి ఉన్నడు. చార్మినార్ రూపాయి గావాలె. బాగ అరిగింది."

"అరిగింది ఎందుకు అంకుల్? మీ గిరాకీలు గూడ మీ లెక్కనే ఉంటరా?" అని నవ్వుతూనే ఆకాశ్ సొరుగు లాగాడు. గట్టి ప్లాస్టిక్ డబ్బీలో బిగించిన రూపాయిని రెండు వేళ్లతో బల్ల మీదికి తోశాడు. "చూడున్రి. మొన్ననే వచ్చింది."

చార్మినార్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. వెండి రేకులా సాపుగా, బొటనవేలు సరిగ్గా కూర్చునే పల్లంతో ఉంది. జాహిద్ తిప్పి చూశాడు. వెనక అక్షరాలు నిలిచి ఉన్నాయి, వాటి సందుల్లో బూడిదరంగు పొడి పేరుకుని ఉంది. ఎన్నేళ్ల ముచ్చట్లు ఈ ఒక్క వైపును అరగదీశాయో అనుకున్నాడు. అంచు పక్కన, సాపైన వైపే, ఊదారంగు మెరుపు.

"ఆ రంగు చూసిన్రా? నేచురల్ టోనింగ్. వెండి ఏండ్లకేండ్లు గాలి తాకకుంట ఉంటే ఇట్ల ఊదా తిరుగుతది. వెయ్యిట్ల ఒకటి. ఇరవై అయిదు వేలు."

"వెండి ఊదా తిరుగుడు నిజమే. గాని ఇంత అరిగినదానికి తూకం ధర వస్తేనే ఎక్కువ."

"మీరు అరుగుదల చూస్తరు అంకుల్, నేను కథ చూస్తా. నిజాం ఖజానా కథ చెప్తే ఎగిరి కొంటరు."

"దీని కథ నేను చెప్త. ముందు డబ్బి తెరువు."

తెరిచేదాకా జాహిద్ చెయ్యి తీయలేదు. బల్ల మీదున్న శానిటైజర్ చుక్క ఒకటి కాగితం కొసకు అద్ది, ఊదా మెరుపు చివర్న, ఆవగింజంత చోట తాకించాడు. మిగతాది తాకకుండా పోలీసుల కోసం వదిలాడు. నిజమైన రంగైతే వెండిని వదలదు. కాగితం కొస ఊదాగా నాని, పట్టుకున్న బొటనవేలికీ అంటింది. దాన్ని ఎత్తి గుండ్రటి లైటు ముందు పట్టాడు.

"టోనింగ్ కాగితానికి అంటింది ఆకాశ్."

ఆకాశ్ మొహంలో కంగారు లేదు. భుజాలెగరేశాడు. "తెలుసు. స్టాంపు ప్యాడు సిరా. చూడంగనే తెలిసింది."

"తెలిసే అమ్ముతున్నవా?"

"కొనేటోనికి తెల్వదు గద అంకుల్."

అప్పటిదాకా కుర్రవాడికి తెలియదేమో అనుకున్నాడు జాహిద్. తెలియనివాణ్ణి తిట్టి వదిలేయొచ్చు. నోటి నిండా ఊరిన నీళ్లు ఉమ్మడానికి ఆ చల్లటి గదిలో చోటు లేక మింగాడు.

"వెనక అక్షరాలల్ల బూడిద ఉన్నది, చూసినవా? అది ఈబూది. పీనుగ నుదుటిది. బొంద తవ్వి, శామీర్‌పేట శివమ్మ మొహం మీదికెల్లి పీకి తెచ్చిన రూపాయి ఇది. నీ వీడియోల ఈ కథ చెప్పు, ఎగిరి కొంటరు."

ఆకాశ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ప్యాంటుకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. "నాకు తెల్వదంకుల్. దేవేందర్ అన్న తెచ్చిండు. ప్లాట్ల దేవేందర్. వాళ్ల తాతదన్నడు. మూడు వేలిచ్చిన."

మూడు వేలు. జాహిద్‌కు దొంగతనం అర్థమవుతుంది, దానికి ఆకలో ఆశో ఉంటుంది. ఈ కక్కుర్తికి మాత్రం పేరు తెలియలేదు. పీనుగ మీద పేలాలు ఏరుకోవడమంటే మాట వరసకంటారనుకున్నాడు ఇన్నాళ్లూ.

ఊదా మరకను మళ్లీ భూతద్దం కింద పెట్టాడు. సిరా అంటిన వేళ్లతో పట్టి లాగిన గుర్తు. పక్కన పెట్టుకున్న వస్తువు అప్పుడు లెక్కలోకి వచ్చింది. తెగిన బొటనవేళ్ల కట్టు, పక్కకు పడిన ఎడమ చెయ్యి, ఛాతీ దగ్గర గుంత, స్టాంపు సిరా.

"వాడు రూపాయి కొరకు తవ్వలె," అన్నాడు మెల్లగా. "వేలిముద్ర కొరకు తవ్విండు. పీనుగ చెయ్యి పట్టుకుని కాగితం మీద అద్దిండు. అదయినంక, పోతపోత, ఆ చేతులతోనే రూపాయి గూడ తీసిండు."

ఆకాశ్ కుర్చీలో వెనక్కి జరిగాడు. "నన్ను దీంట్ల ఇరికియ్యకున్రి అంకుల్."

"ఇరుక్కున్నవు. బయటికెట్ల రావాల్నో చెప్త. లచ్చిమి పూజ రూపాయి, నాలుగు మినార్లున్నది, గూడ దేవేందర్‌కు అమ్మినవా?"

"అమ్మిన. ఏదన్న ఒక చార్మినార్ రూపాయి ఇయ్యి, జల్దీ అన్నడు. గండిమైసమ్మ కాడ బోనాలు తీసిన ఆదివారం. అక్కడ ట్రాఫిక్కుల ఇరుక్కుని, షటర్ దించంగ వచ్చిండు."

"పోలీసులకు చెప్పేముందు ఈ మాట శంకరయ్యకు చెప్పు. బండెక్కు."

*

సొసైటీ షెడ్డులో మగవాళ్లు చాప మీద, ఆడవాళ్లు గోడ వారగా కూర్చున్నారు. గండయ్య అందరికీ దూరంగా నిలబడ్డాడు. చెరువు మీద వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. జాహిద్ రెండు రూపాయలూ శంకరయ్య ముందు పక్కపక్కన పెట్టాడు.

పీనుగకు స్నానం చేయించిన ముసలామెను పిలిచారు. ఆమె ముట్టకుండానే వంగి చూసింది. "సాపుగున్నదే శివమ్మది. నేనే పెట్టిన. చార్మినార్ దిక్కు పైకి, అచ్చరాల దిక్కు నుదుటికి."

వెనక వైపు ఉన్న విభూతిని శంకరయ్య తన కళ్లతో చూశాడు. "ఎక్కడ దొరికింది సేటూ?"

సాపుది దేవేందర్ దగ్గర కొన్నదీ, పూజది దేవేందర్‌కు అమ్మిందీ ఆకాశ్ చెప్పాడు. దేవేందర్ లేచి నిలబడ్డాడు.

"అవును, అమ్మిన. అయితేంది? అత్త బతికుండంగనే నాకిచ్చింది."

"మధ్యాన్నం ఎన్నడు చూడలేదన్నవు," అన్నాడు జాహిద్. "బతికుండంగ ఇస్తే, సచ్చినంక నుదుటికి ఎట్ల చేరింది? ఆమెనే లేచొచ్చి నీ జేబులకెల్లి తీసుకుని పోయిందా?"

గోడ వారన ఎవరో ఆడమనిషి 'థూ' అంది. జాహిద్ ఊదా మరక చూపించాడు, బొటనవేళ్ల కట్టు సంగతి చెప్పాడు. ఇంకాసేపటికి దేవేందర్ దగ్గర ఒక అమ్మకం కాగితం బయటపడుతుందని, దాని మీద శివమ్మ వేలిముద్ర ఉంటుందని, తేదీ మాత్రం ఆమె బతికున్నప్పటిది ఉంటుందని చెప్పాడు. ఆమె భూమి న్యాయంగా పోయేది మొగుడి వైపు గండయ్యకు. చావింటి సందట్లో కొన్న రూపాయిని అతని పెట్టెలో పడేసి, అతణ్ణి దొంగను చేసి ఊరి నుంచి వెళ్లగొడితే కాగితాన్ని అడిగేవాడు ఉండడు.

"నువ్వు మేనల్లుడివి మాత్రమే. పీనుగ ఉన్నంతసేపు చుట్టూ ఆడోళ్లు. ఒక్క గడియ ఒంటిగ దొరకలె నీకు. అందుకే మట్టి తీసినవు."

"కథలు," అన్నాడు దేవేందర్. కారు ఎక్కడుందో ఒకసారి చూసుకున్నాడు.

"ఒక్కటే కథ మిగిలింది, పూజ రూపాయి ఏ దినం కొన్నవనేది. లతా, గండిమైసమ్మ కాడ బోనాలు తీసిన ఆదివారం మీ అవ్వ ఏం జేస్తాంది బిడ్డా?"

లతకు ఎందుకడుగుతున్నాడో తెలియలేదు. "మా ఇంట్లనే ఉన్నది చిచ్చా. కొర్రమీను కోసి పులుసు పెట్టింది. ఉప్పెక్కువైందని నాయినతోని కొట్లాడింది. మంగళవారం గద పోయింది."

మాట బయటికొచ్చాక ఆమెకే అర్థమైంది. అందరూ ఒకేసారి ఆకాశ్ వైపు తిరిగారు.

"ఆదివారమే," అన్నాడు ఆకాశ్. "ఆదివారమే కొన్నడు."

శంకరయ్య చాప మీద చెయ్యి ఆనించి లేచాడు. "ముసల్ది పులుసు వండుకుంటాంటే, దాని నుదుటి మీది రూపాయి దొంగతనం ఎవని మీద వెయ్యాల్నో కొని పెట్టుకున్నవా దేవేందర్?"

దేవేందర్ కారు వైపు పరుగెత్తాడు. చేపలవాళ్లకు పారిపోయేదాన్ని చుట్టుముట్టడం కొత్త కాదు. తలుపు తెరిచేలోపే నలుగురు అడ్డం నిలిచారు. ఒకతను తాళాల గుత్తి లాక్కుని, ఆ చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. శంకరయ్య పోలీసులకు ఫోను చేయమని కేకేశాడు.

జాహిద్ అటు చూడటం లేదు. ఆమె చచ్చేది ఈ రోజుల్లోనే అని ముందే తెలిసినవాడు చంపినవాడే. శివమ్మ ఒరిగినప్పుడు దేవేందర్ ఊళ్లో కూడా లేడు. ఊళ్లో లేకుండా ఏం చేయగలడు? మధ్యాహ్నం అరుగు మీద అతనే గొప్పగా చెప్పుకున్న మాట గుర్తొచ్చింది.

"లతా, వాడు తెచ్చిన బీపీ గోలీలు ఏడున్నయి?"

"మా ఇంట్లనే, అవ్వ పోయినంక తెచ్చి పెట్టుకున్నం. ఈసారి వేరే రంగువి తెచ్చిండు, కంపెనీ మారిందన్నడు."

"మిగిలినయి ఉన్నయా?"

"కొన్నే ఉన్నయి. అమ్మకు గూడ బీపీ ఉన్నది గద. పైసలు పెట్టి కొన్నయి పారేసుడెందుకని..." లత తండ్రి వైపు తిరిగింది. "అమ్మ ఏసుకుంటాంది చిచ్చా."

గండయ్య అప్పటికే పరుగెత్తుతున్నాడు.

గండయ్య పెళ్లాన్ని ఎత్తుకొచ్చి దేవేందర్ కారు వెనక సీట్లోనే పడుకోబెట్టారు. ఒళ్లు చల్లగా ఉంది. పిలిస్తే కళ్లు తెరవడం లేదు. తాళాలు లాక్కున్నతనే నడుపుతూ మేడ్చల్ ఆసుపత్రి దారి పట్టాడు. లత తల్లి తలను ఒళ్లో పెట్టుకుంది, గోలీల అట్ట పిడికిట్లో ఉంది. జాహిద్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నాడి దొరకలేదు. వేళ్లు జరిపి మళ్లీ పట్టాడు. ఒకటి కొట్టి, చాలాసేపు ఆగి, మళ్లీ ఒకటి.

"ఉన్నదా చిచ్చా?"

"ఉన్నది. నువ్వు పిలుస్తనే ఉండు."

ఆసుపత్రిలో డాక్టరు అట్టను చూసి, ఇది బీపీది కాదని, గుండె జబ్బు మందు అని, ఇంత గట్టి మోతాదు ఎవరిచ్చారని అరిచాడు. సెలైను ఎక్కించి, సూదులిచ్చి, తెర లాగేశాడు. గండయ్య తలుపు బయట నేల మీద కూర్చున్నాడు. ఇక్కడ కూర్చోవద్దని అతనితో ఎవరూ అనలేదు. చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి, ఇంకో గోలీ వేసుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేనని, ఇప్పుడు నీళ్లడుగుతోందని చెప్పాడు.

జాహిద్ కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి మళ్లీ కడుక్కున్నాడు. బొటనవేలి కొసన ఊదా రంగు పోలేదు. తెర సందులోంచి చూస్తే ఆమె మణికట్టు మీద, తను నాడి పట్టుకున్న చోట, కూడా ఆ రంగే, చిన్న చుక్కలా ఉంది.

మధ్యాహ్నం చేతిలో ఉన్నవి భూతద్దం, కాటా. కాటాతో పని పడనేలేదు. వచ్చినవాటిలో శివమ్మ రూపాయి రేపు పోలీసులకు, వాళ్ల పని తీరాక తిరిగి మట్టికి. గండయ్య పేరు గండయ్యకు. దేవేందర్ జైలుకు. శివమ్మ మాత్రం రాదు, పైగా ఆమె బొందను చట్టం కోసం ఇంకోసారి తవ్వాలి. ఆ ఖర్చు ఎవరి కింద రాయాలో అతనికి తోచలేదు. తెర లోపల ఆమె గుక్క గుక్కగా నీళ్లు తాగుతున్న చప్పుడు వినిపించింది. అన్నీ పోగా మిగిలింది అది.